ఇంగ్లీషు నుడికారంలో చెవి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇమ్మని కార్యవర్గ మిత్రులు అడిగారు. కరువు భత్యం బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ఆ విషయాలు వారికే వదిలి, నాకు ఇష్టమైన ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. వినడానికి, చెవికి సంబంధించి ఇంగ్లీషులో ఉన్న నుడికారాలు, వాటి అర్థాలు, వాటి పుట్టుక.

ఇదేమి విషయం అని కొందరు అనుకోవచ్చు. మన రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, నేను సర్వీసులో చేరేనాటికి నోట్ ఫైలు, డ్రాఫ్టు, మెమో, రిమైండరు అన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. పై అధికారులు ఎర్ర సిరాతో దిద్దిన డ్రాఫ్టులు చూసి చూసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. మాటకు అర్థం తెలిసేది గాని అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది కాదు, తెలుసుకొనే తీరికా ఉండేది కాదు. ముప్పయ్యారేళ్ళ సర్వీసు ముగిశాక నిఘంటువులు తిరగేసే తీరిక దొరికింది. అప్పుడు ఒక విషయం గమనించాను. మనం రోజూ వాడిన ఆడిట్, హియరింగ్, ఒబీడియంట్ అనే మూడు మాటలూ వినడంలో నుంచి పుట్టినవే. వాటి దగ్గరకు వచ్చే ముందు, సామాన్య జనం నోట నలిగే మాటలు కొన్ని చూద్దాం.

అరువడిగిన చెవులు

వినమని అడగడానికి ఇంగ్లీషువారు ‘లెండ్ ఎన్ ఇయర్’ అంటారు. చెవి అరువివ్వమని అర్థం. దీనికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు షేక్స్పియర్. ఆయన జూలియస్ సీజర్ నాటకం 1599లో లండన్‌లో ప్రదర్శించారు, 1623లో అచ్చయింది. క్రీస్తుపూర్వం 44లో సీజరును హత్య చేశాక, మార్క్ ఆంటోనీ రోము పౌరుల ముందు నిలబడి ప్రసంగం మొదలుపెడుతూ వారి చెవులను అరువడుగుతాడు. హంతకుల పక్షాన ఉన్న జనం అది. తన మాట వినే స్థితిలో లేరు. అందుకే దానంగా అడగకుండా అరువుగా అడిగాడు. ప్రసంగం ముగిసేసరికి ఆ జనమే హంతకుల ఇళ్ళు తగలబెట్టడానికి బయలుదేరింది.

ఇంగ్లీషులో వినడమంటే డబ్బు వ్యవహారంలాగే కనిపిస్తుంది. చెవి అరువిస్తారు, చెవి ఇస్తారు, శ్రద్ధనైతే ఏకంగా చెల్లిస్తారు. ‘పే అటెన్షన్’ అంటే అదే. మన ట్రెజరీ శాఖ మిత్రులకు ఈ సంగతి నచ్చుతుంది. తెలుగులో మనం చెవి ఒగ్గుతాం, విషయాన్ని చెవిన పెడతాం. పెద్దవాళ్ళకు తెలియజేయవలసింది వారి చెవిన వేస్తాం. ఇష్టం లేకపోతే పెడచెవిన పెడతాం. ఈ పెడచెవికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాట ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’. రెండు చోట్లా మనిషి తల తిప్పుకుంటున్న బొమ్మ కళ్ళకు కడుతుంది.

కొన్ని మాటలు రెండు భాషల్లోనూ ఒకేలా ఉండటం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం మన ఇళ్ళలో నిత్యం వినిపించే మాట. ఇంగ్లీషులోనూ అదే ఉన్నది, అదీ చాలా పాతది. చాసర్ అనే కవి 14వ శతాబ్దంలోనే తన ట్రాయిలస్ కావ్యంలో ఈ భావాన్ని వాడాడు. చెవులు నిక్కబొడుచుకోవడానికి ఇంగ్లీషులో ‘ప్రిక్ అప్ యువర్ ఇయర్స్’ ఉన్నది. గుర్రమో కుక్కో అలికిడి విని చెవులు నిలబెట్టడం చూసిన ప్రతి జాతికీ ఈ మాట దొరుకుతుంది. ఒకరి దగ్గర నుంచి ఒకరు తీసుకోనక్కరలేదు. ఒళ్ళంతా చెవులు చేసుకొని వినడాన్ని వాళ్ళు ‘ఆల్ ఇయర్స్’ అంటారు. మిల్టన్ రాసి 1634లో ప్రదర్శింపజేసిన కోమస్ అనే నాటికలో ఈ ప్రయోగం కనిపిస్తుంది.

వినదలచుకోనివాణ్ణి మించిన చెవిటివాడు లేడని ఇంగ్లీషులో సామెత. జాన్ హేవుడ్ 1546లో అచ్చువేసిన సామెతల పుస్తకంలోనే ఇది చేరింది. నిద్రపోయేవాణ్ణి లేపవచ్చు గాని నిద్ర నటించేవాణ్ణి లేపలేమని మనం అనేది ఇదే. ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఈ రెండు సామెతలకూ వ్యాఖ్యానం అక్కరలేదు.

మన గురించి ఎక్కడో ఎవరో మాట్లాడుకుంటే మన చెవులు వేడెక్కుతాయని ఇంగ్లీషువారి నమ్మకం. ఇది వాళ్ళు పుట్టించినది కాదు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించిన ప్లినీ అనే రోమను పండితుడు, దూరాన ఉన్నవారి గురించి మాట్లాడుకుంటే వారి చెవులు గింగురుమంటాయనే నమ్మకాన్ని తన గ్రంథంలో పేర్కొన్నాడు. మన దగ్గర ఆ పని చెవికి లేదు, గొంతుకు ఉన్నది. అన్నం తింటుండగా పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని అమ్మ అనేది. రోమువాడికి చెవిలో మోగినది మనకు గొంతులో అడ్డం పడింది.

చూరు నీళ్ళ కింద

చాటుగా పొంచి వినడానికి ఇంగ్లీషులో ‘ఈవ్స్‌డ్రాపింగ్’ అంటారు. ఈవ్స్ అంటే ఇంటి చూరు. డ్రాప్ అంటే చుక్క. వానాకాలంలో చూరు నుంచి నీళ్ళు కారి పడే జాగా ఉంటుందే, ఆ జాగాకు మొదట ఆ పేరు. తాటాకిళ్ళలోనో, పెంకుటిళ్ళలోనో పుట్టి పెరిగిన మనబోటివారికి ఆ జాగా బాగా తెలుసు. చూరు నీళ్ళకు గోడ వారన సన్నని గాడి పడి ఉండేది. ఇంగ్లండులో మన చూరు నీళ్ళు పక్కవాడి స్థలంలో పడకూడదనే కట్టుబాటు ప్రాచీన కాలం నుంచీ ఉన్నది. ఆ గాడి దగ్గర, అంటే గోడకూ చూరు నీటికీ మధ్య నిలబడి లోపలి మాటలు వినేవాడు ఈవ్స్‌డ్రాపరు అయ్యాడు.

అది తిట్టు మాత్రమే కాదు, నేరం కూడా. బ్లాక్‌స్టోన్ అనే న్యాయకోవిదుడు 1769లో వెలువడిన తన గ్రంథ చివరి సంపుటంలో, గోడల పక్కనా కిటికీల కిందా చూరుల కిందా నక్కి విని, ఆ విన్నదాన్ని చిలవలు పలవలుగా ప్రచారం చేసి ఊళ్ళో తగాదాలు పెట్టేవారిని శిక్షార్హులుగా లెక్కగట్టాడు. 1967లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం ద్వారా ఆ పాత నేరాన్ని రద్దు చేసింది. చూరు పోయినా పొంచి వినడం పోలేదు. మన దేశంలో టెలిఫోన్లు చాటుగా వినడం గురించి 1996లో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ, అది వ్యక్తి ఆంతరంగిక హక్కులో జోక్యమేననీ, విధివిధానాలు పాటించకుండా చేయరాదనీ నిర్దేశించింది. గోడలకు చెవులుంటాయని మనవాళ్ళు అన్న మాట ఇంగ్లీషులోనూ ఉన్నది. ఈ రోజుల్లో గోడలకు మించి జేబులకు చెవులు వచ్చాయి.

ఇక్కడే దూరం కొలిచే మాట ఒకటి చెప్పాలి. చెవికి అందే దూరాన్ని ఇంగ్లీషులో ‘ఇయర్‌షాట్’ అంటారు. విల్లు నుంచి వదిలిన బాణం వెళ్ళే దూరాన్ని ‘బౌషాట్’ అనేవారు. ఆ పోలికతో కట్టిన మాట ఇది. తెలుగులో మనం కూతవేటు దూరం అంటాం. రాతివేటు దూరం లాంటిదే. రెండు భాషల్లోనూ కొలత ఒకటే, కాని కొలిచే మనిషి మారాడు. వాళ్ళు వినేవాడి చెవి దగ్గర నిలబడి కొలిచారు, మనం కేకవేసే మనిషి నోటి దగ్గర నిలబడి కొలిచాం. పొలం గట్టు మీద నుంచి కేకవేసి పిలవడం అలవాటైన పల్లెలో కూత తోనే కొలుస్తారు మరి.

గుర్రం నోరు, ద్రాక్ష తీగ, రేడియో

నమ్మదగిన సమాచారం విన్నామని చెప్పడానికి సాక్షాత్తూ గుర్రం నోటి నుంచే విన్నామంటారు ఇంగ్లీషువారు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో గుర్రప్పందాల మైదానంలో పుట్టిన మాట. ఏ గుర్రం గెలుస్తుందో జాకీ చెప్పిన కబురు కంటే, శాలలో గడ్డి వేసేవాడి కబురు మేలు. వాడి కంటే గుర్రమే స్వయంగా చెబితే ఇంకా మేలని హాస్యం. మలక్‌పేట మైదానం వైపు ఒకప్పుడు అడుగులు వేసిన మిత్రులు ఎవరైనా ఉంటే, గుర్రం కూడా అబద్ధమాడుతుందని చెబుతారు.

గాలి కబురు విన్నామనడానికి ద్రాక్ష తీగ ద్వారా విన్నామంటారు. అమెరికాలో మోర్స్ 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య తంతి వార్త పంపాడు. నిటారుగా సాగే ఆ తంతితో పోల్చి, చిక్కులు పడి అడ్డదిడ్డంగా పాకే పుకారును ‘గ్రేప్‌వైన్ టెలిగ్రాఫ్’ అని హాస్యమాడారు. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో సైనికుల మధ్య ఈ మాట బాగా చెలామణి అయింది. తరువాత టెలిగ్రాఫ్ జారిపోయి తీగ మిగిలింది. మన దేశంలో టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసింది. తీగ కబురు మాత్రం బదిలీల సీజన్‌లో ఏ ఆఫీసులోనైనా ఉత్తర్వుల కంటే ముందే చేరుతుంది.

రేడియో వచ్చాక మరికొన్ని మాటలు వచ్చాయి. ఇద్దరి భావాలు కలిస్తే ఒకే తరంగం మీద ఉన్నారంటారు. వైర్‌లెస్‌లో పోలీసువారు ‘రోజర్’ అనడం మనం విన్నాం. అది మనిషి పేరు కాదు. ‘రిసీవ్డ్’, అంటే అందినది, అనే మాటకు మొదటి అక్షరం ఇంగ్లీషు ‘ఆర్’. ఆ అక్షరాన్ని స్పష్టంగా పలకడానికి అప్పట్లో రోజర్ అనేవారు. 1956లో అక్షరాల పేర్లు మార్చి ఆ స్థానంలో రోమియోను పెట్టినా, రోజర్ మాత్రం ఉద్యోగం వదలలేదు. అందినది అనడానికీ ఆమోదించాం అనడానికీ ఎంత దూరమో ఇన్‌వార్డు రిజిస్టరు రాసినవారికి చెప్పనక్కరలేదు.

లెక్కలు విన్నవాడు

ఇప్పుడు మన ఆఫీసు మాటలకు వద్దాం. ఇంటర్ చదివే మా మనవరాలు కామర్స్ పుస్తకం పట్టుకొని వచ్చి, “తాతయ్యా, ఆడిటర్‌కీ ఆడియోకీ ఏదైనా సంబంధం ఉందా?” అని అడిగింది. ఉన్నది. రెండూ లాటిన్‌లో వినడం అని అర్థమిచ్చే ఒకే మాట నుంచి వచ్చాయి. ఆడిట్ అంటే వినడం. ఆడిటర్ అంటే వినేవాడు.

మధ్యయుగపు ఇంగ్లండులో రాజుగారి వసూళ్ళు చేసే అధికారులు ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకూ సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ పండుగకూ, ఖజానా ముందు హాజరై లెక్క చెప్పుకోవాలి. అక్కడ చదరంగపు గళ్ళున్న గుడ్డ పరచిన బల్ల ఉండేది. ఆ గళ్ళలో బిళ్ళలు జరుపుతూ లెక్క కట్టేవారు. ఆ గళ్ళ గుడ్డ పేరు మీదే ఖజానాకు ‘ఎక్స్‌చెకర్’ అన్న పేరు వచ్చింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 12వ శతాబ్దంలో రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఖజానా అధికారి ఈ పద్ధతులన్నీ ఒక సంభాషణ గ్రంథంగా రాసి పెట్టాడు. ఆనాడు చదవనూ రాయనూ వచ్చినవారు తక్కువ. అందుచేత లెక్క పైకి చదివి వినిపించేవారు. ఇచ్చుకొనేవాడు చెప్పాలి, అధికారి వినాలి, అభ్యంతరం ఉంటే అక్కడే అడగాలి. లెక్క చెప్పడం అని తెలుగులో మనం ఇప్పటికీ అంటున్నాం గదా. వాళ్ళు వినేవాడి పేరు నిలుపుకున్నారు, మనం చెప్పేవాడి పని నిలుపుకున్నాం.

మన దేశంలో మొదటి ఆడిటర్ జనరల్ 1860లో బాధ్యతలు చేపట్టారు. ఆనాటికే వినడం పోయి చదవడం వచ్చేసింది. ఆడిట్ పార్టీ వస్తున్నదంటే మన సెక్షన్లలో ఎంత హడావుడి జరిగేదో అందరికీ గుర్తే. వోచర్లు వెదకడం, క్యాష్ బుక్కు కొట్టివేతలకు సంతకాలు పెట్టించడం. వచ్చినవారిలో కొందరు సగం మార్జిన్ కాగితం మీద ప్రశ్న రాసి విసిరేసేవారు. మరికొందరు కుర్చీ లాక్కొని, “ఈ ఖర్చు ఎందుకైందో చెప్పండి” అనేవారు. ఆ రెండో రకంవారు తమ ఉద్యోగం పేరుకు తగిన పని చేశారని ఇప్పుడు అనిపిస్తున్నది.

వినుడు, వినుడు

కోర్టు మొదలయ్యేటప్పుడు కేక వేసే ‘ఓయెజ్’ అనే మాట ఒకటి ఉన్నది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కోర్టుల్లో వారి ఫ్రెంచి చేరింది. ఆ భాషలో ఓయెజ్ అంటే వినుడు అని అర్థం. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. అయినా ఓయెజ్ పోలేదు. అమెరికా సుప్రీం కోర్టులో ఈనాటికీ న్యాయమూర్తులు వచ్చేటప్పుడు అధికారి ఆ కేక వేస్తాడు. మన పల్లెల్లో టముకు వేసి చాటింపు చెప్పిన రోజులు నా చిన్నతనంలో చూశాను. చెప్పబోయేదానికి ముందు వినమని పిలవడం అన్ని దేశాల మర్యాద.

చట్టసభల్లో ‘హియర్ హియర్’ అనేది ఇంకొకటి. బ్రిటిష్ పార్లమెంటులో చప్పట్లు కొట్టడం ఆనవాయితీ కాదు. మాట్లాడేవాడికి అల్లరి అడ్డు వచ్చినప్పుడు ఆయన మాట వినండి అని తోటి సభ్యులు కేకలు వేసేవారు. అది కుదించుకుపోయి, బాగా చెప్పారు అనే మెచ్చుకోలుగా మారింది. మన రాజ్యాంగ సభ చర్చల ముద్రిత ప్రతుల్లో కూడా బ్రాకెట్ల మధ్య ఈ రెండు మాటలు కనిపిస్తాయి. తరువాత మన చట్టసభల్లో బల్లలు చరచడం వచ్చింది. బల్ల చరిచే చప్పుడులో వినపడేదేమిటో నాకు తెలియదు.

తమ విధేయుడు

పాత ఫైళ్ళు చూసినవారికి ఇంగ్లీషు లేఖల ముగింపు గుర్తుండే ఉంటుంది. అయ్యా, తమ మిక్కిలి విధేయుడైన సేవకుణ్ణి అనిపించుకొనే గౌరవం నాకున్నది అంటూ మూడు వరుసల్లో మెట్లు మెట్లుగా దిగేది. బడిలో సెలవు చీటీ కిందా ఒబీడియంట్ స్టూడెంట్ అని రాసినవాళ్ళమే. ఈ ఒబీడియంట్ కూడా లాటిన్‌లోని వినడంలో నుంచే వచ్చింది. ఒకరి వైపు చెవి పెట్టి వినడం అని మొదటి అర్థం. విన్నవాడు చేస్తాడు గనుక చెప్పినట్టు చేయడం అయింది.

మన విధేయుడులో చెవి లేదు. అది సంస్కృతపు మాట, ఆదేశించదగినవాడు అని అర్థం. కాని తెలుగు ఇంట్లో వాడే మాట చూడండి. వీడు మాట వింటాడు, వాడు మాట వినడు. వాడి చెవులకు ఏ లోపమూ లేదు. మాట వినడం అంటే చెప్పినట్టు నడుచుకోవడం. లాటిన్‌వాడికి తట్టినదే మన అమ్మమ్మలకూ తట్టింది. ఒక్క తేడా ఏమిటంటే, ఆఫీసులో వినడం కింది నుంచి పైకే ఉండేది. కిందివాడు వినాలి, పైవాడు చెప్పాలి. పైవాడు వినవలసిన సందర్భానికి ఇంగ్లీషులో వేరే మాట ఉన్నది, హియరింగ్.

రెండో పక్షం మాట

తీర్పు చెప్పే ముందు రెండో పక్షం మాట కూడా వినాలనేది లాటిన్ సూత్రం. సహజ న్యాయానికి అది మూలస్తంభం. ఇంగ్లండులో దీనికి పేరుపడిన కేసు 1723 నాటిది. రిచర్డ్ బెంట్లీ అనే గొప్ప పండితుడి డిగ్రీలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనను పిలిచి అడగకుండానే రద్దు చేసింది. ఆయన కోర్టుకెక్కితే డిగ్రీలు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. న్యాయమూర్తుల్లో ఒకరు బైబిలు కథను గుర్తుచేశారు. ఆదాము తప్పు చేశాడని దేవుడికి ముందే తెలుసు. అయినా శిక్షించే ముందు అతణ్ణి పిలిచి అడిగాడు.

మన రాజ్యాంగంలో 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి ఇచ్చిన రక్షణ ఇదే. ఆరోపణలు తెలియజేసి, తన మాట చెప్పుకొనే సముచిత అవకాశం ఇవ్వకుండా మామూలుగా అతణ్ణి తొలగించడానికి వీల్లేదు. 1967లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన బీనాపాణి దేయి కేసు ఇంకా ముఖ్యం. ఆమె ఒరిస్సా ప్రభుత్వంలో డాక్టరు. ఆమె పుట్టిన తేదీని ప్రభుత్వం తానే మార్చి, ఆ లెక్కన రిటైరు చేసింది. తగినట్టు విచారించి ఆమె వాదన వినకుండా అలా చేయడం చెల్లదనీ, ఒక మనిషి హక్కులకు భంగం కలిగించే ఉత్తర్వు పాలనాపరమైనదైనా సరే సహజ న్యాయాన్ని పాటించవలసిందేననీ కోర్టు చెప్పింది. పుట్టిన తేదీ విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మనం ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకోవడానికి కారణమైన నకారా కేసూ ఈ సందర్భంలో తలచుకోదగినదే. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, ఆ తరువాతవారికి ఒక లెక్క ఏమిటని విశ్రాంత ఉద్యోగులు అడిగారు. 1982లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విని, పెన్షను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని తేల్చింది.

నా అనుభవం ఒకటి చెబుతాను. రిటైరైన కొత్తలో నా వేతన స్థిరీకరణలో ఒక ఇంక్రిమెంటు అదనంగా ఇచ్చారంటూ ఒక కార్యాలయంవారు గ్రాట్యుటీలో కోత పెట్టారు. ముందుగా నోటీసు లేదు. మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ రసీదు ఇచ్చారు, పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. పద్నాలుగు నెలల తరువాత ఆ సీటులోకి వచ్చిన ఒక అధికారి పిలిపించి, కుర్చీ చూపించి, “చెప్పండి పెద్దాయనా” అన్నారు. సర్వీసు రిజిస్టరు తెప్పించమని, ఆ ఇంక్రిమెంటు ఏ పరీక్ష పాసైనందుకు ఇచ్చారో నమోదైన పేజీ చూపాను. పది నిమిషాలు పట్టింది. ఆ నెలాఖరుకే కోత రద్దు ఉత్తర్వు వచ్చింది. అర్జీలో కూడా నేను రాసినది అదే. కాని కాగితం తిరిగి ప్రశ్న వేస్తే జవాబు చెప్పలేదు, మనిషి చెప్పగలడు.

అర్జీకి మనం వాడే వినతి పత్రం అన్న మాటలో ‘విన’ ఉన్నది గనుక అది వినడం నుంచి వచ్చిందనుకొనేవారున్నారు. కాదు. అది సంస్కృతంలో వంగి నమస్కరించడం నుంచి వచ్చిన మాట. విన్నపం అన్నది విజ్ఞాపనం నుంచి వచ్చింది, తెలియజేసుకోవడమని అర్థం. అంటే కాగితంలో మన వంగడమూ మన చెప్పడమూ మాత్రమే ఉన్నాయి. వినడం అవతలివాడి చేతిలో ఉన్నది. దాన్ని దయకు వదలకుండా హక్కుగా నిలబెట్టిన మాట గనుకనే హియరింగ్ అనేదానికి నేను నమస్కారం పెడతాను.

శుశ్రూష

చివరగా ఒక చుట్టరికం. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగిస్తూ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబానిదే. ఇంగ్లీషులోని ‘లిజన్’, సంస్కృతంలోని వినడం అనే అర్థం గల శ్రు ధాతువు, రెండూ ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ధారించారు. ‘లౌడ్’ అనే మాట మన శ్రుతానికి తోబుట్టువు. మన తెలుగు ‘విను’ మాత్రం ఆ కుటుంబానిది కాదు, అది ద్రావిడం. అడగడం అనే అర్థం గల తమిళపు ‘వినవు’ దానికి చుట్టం.

ఆ శ్రు ధాతువు నుంచే శ్రుతి, శ్రోత, బహుశ్రుతుడు వచ్చాయి. ఎంతో విన్నవాడే పండితుడని ఆ చివరి మాటకు అర్థం. శుశ్రూష కూడా అక్కడిదే. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస అయినట్టే, వినాలనే కోరిక శుశ్రూష. గురువు దగ్గర విద్య వినాలని కోరే శిష్యుడు ఆయనకు సేవ చేసేవాడు. అందుచేత ఆ మాటకు సేవ అనే అర్థం వచ్చింది. తరువాత రోగికీ వృద్ధులకూ చేసే సపర్యలు శుశ్రూష అయ్యాయి. మందు, పథ్యం, పక్క సర్దడం అన్నీ దానిలో చేరాయి. మొదట ఉన్న వినాలనే కోరిక కనపడకుండా పోయింది.

ఈ సంచికను మన పిల్లలు కూడా చదువుతారు గనుక ఇది రాస్తున్నాను. మనలో చాలామందికి మందులకు లోటు లేదు. పిల్లలు వేళకు కొని పెడుతున్నారు, దూరాన ఉన్నవారు పంపిస్తున్నారు. లోటల్లా సాయంత్రం ఒక పావుగంట ఎదురుగా కూర్చొని, ఇంతకు ముందు విన్న కథైనా సరే, చెప్పండి అనే మనిషికే. అలాగే మనవైపు నుంచీ ఒక మాట. మనలో చాలామందికి వినికిడి తగ్గింది. చెవి మిషను పెట్టుకోవడానికి నామోషీ పడి, అర్థం కాకపోయినా తల ఊపి ఊరుకొనేవారు నాకు చాలామంది తెలుసు. కళ్ళజోడుకు లేని నామోషీ దీనికెందుకు? పిల్లలు చెప్పేది మనం వినాలంటే అది పెట్టుకోవలసిందే. నేను రెండేళ్ళ కిందట పెట్టించుకున్నాను. మా మనవరాలు ఆడిటర్ ప్రశ్న అడిగినప్పుడు రెండోసారి అడిగించుకోకుండా జవాబు చెప్పగలిగాను.

మీ మీ శాఖల్లో వాడిన ఇలాంటి మాటలు మీకు తెలిసినవి తప్పక ఉంటాయి. రెవెన్యూ, పోలీసు, రిజిస్ట్రేషన్, విద్యాశాఖ, ఎవరి మాటలు వారికి ఉన్నాయి. నెలవారీ సమావేశానికి వచ్చినప్పుడు చెప్పండి. వినడానికి నేను సిద్ధం.